నీ రిటర్న్ నువ్వే వెయ్యి

“మాక్సిమమ్ రీఫండ్ గ్యారంటీ. ఫీజు రీఫండ్ పడ్డాకే.” జూన్ వచ్చిందంటే గచ్చిబౌలి నుంచి గాజువాక దాకా ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లో ఇదే మెసేజ్. పంపినవాడికి నీ జీతం ఎంతో తెలియదు. జీతం, పన్నుల లెక్క చెప్పే నీ ఫారం 16 వాడు చూడలేదు. నీ పేరు కూడా తెలియదు. అయినా గ్యారంటీ ఇచ్చేస్తున్నాడు! దేన్ని చూసుకుని ఆ ధైర్యం? నీ పేరు మీద ఎంత అబద్ధమైనా రాసెయ్యొచ్చు, పట్టుబడితే ఇరుక్కునేది నువ్వే అన్న ధైర్యం.

రీఫండ్ అనేది సర్కారువారు పండక్కి పంచే బోనస్ అనుకుంటున్నావేమో. కాదు. నీ దగ్గర పట్టుకోవాల్సిన దానికన్నా ఎక్కువ పన్ను పట్టుకుంటే, ఆ ఎక్కువ మొత్తం తిరిగి నీకే రావడం రీఫండ్. ఎక్కువ పట్టుకోకపోతే వచ్చేది సున్నా. సున్నా రావాల్సిన నీకు నలభై వేలు తెప్పించాడంటే వాడు నీ హక్కేమీ సాధించి పెట్టలేదు. ఖజానాకి కన్నం వేశాడు, కన్నం దగ్గర నీ పాన్ నంబరు రాసి వచ్చాడు.

ఇందులో పడుతున్నది చదువురానివాళ్లు కాదు. ఐదు రౌండ్ల ఇంటర్వ్యూ దాటి ఉద్యోగం కొట్టిన ఇంజినీర్లు. బ్యాంకు లాకరు తాళం కన్నతండ్రికి ఇవ్వడానికి కూడా ఆలోచించే జనం. అలాంటివాళ్లు మొహం చూడని మనిషికి పాన్, ఆధార్, ఆదాయపు పన్ను పోర్టల్ పాస్‌వర్డ్ వరసగా పంపించేస్తారు. “సార్, ఓటీపీ వచ్చిందా, చెప్పండి” అని ఫోన్ రాగానే మీటింగ్ మధ్యలోంచి లేచి వెళ్లి మరీ చెప్పేస్తారు. ఏ కాగితం మీద తమ సంతకం పడిందో చూడరు. పైగా “ఈ టాక్సుల గోల నాకు తెలీదండీ, మాకో మనిషున్నాడు, ఆయనే చూసుకుంటాడు” అనడంలో ఒక దర్జా! ఇంట్లో వంటమనిషి ఉన్నాడని చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. ఆ మనిషి చూసుకుంటున్నది తన కమీషన్ అన్న సంగతి నోటీసు వచ్చేదాకా తట్టదు.

వాడు చేసే పనేమిటో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో మంత్రమేమీ లేదు. నిన్ను పాత పన్ను విధానంలోకి మారుస్తాడు. నువ్వు జన్మలో పేరు వినని రాజకీయ పార్టీకి రెండు లక్షలు చందా ఇచ్చావంటాడు. సెక్షన్ 80జీజీసీ. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదివినవాడికి విద్యారుణం వడ్డీ అంటగడతాడు. సెక్షన్ 80ఈ. నిక్షేపంలా ఉన్న మీ నాన్నకి ఖరీదైన రోగం తెచ్చిపెడతాడు. 80డీడీబీ. అదీ చాలకపోతే నిన్నే దివ్యాంగుణ్ని చేస్తాడు. 80యూ. ఇక పోర్టల్‌లో నీ ఈమెయిల్ స్థానంలో తాను అప్పటికప్పుడు తెరిచిన ఈమెయిల్ పెడతాడు. పని అయిపోయాక ఆ ఈమెయిల్‌ని గాలికి వదిలేస్తాడు. ఆదాయపు పన్ను శాఖ పంపే ప్రశ్నలన్నీ ఎవరూ తెరవని ఆ పెట్టెలోకి పోయి పడతాయి. నీకేమో అంతా ప్రశాంతం.

ఇది నా ఊహ కాదు. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా ఇలాంటి ముఠాల మీద తనిఖీలు మొదలుపెట్టినప్పుడు కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు తానే ఈ పద్ధతిని బయటపెట్టింది. ఆ తాత్కాలిక ఈమెయిళ్ల సంగతి కూడా అందులోనే ఉంది. అంతకు ముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది తమ రిటర్నులు సవరించుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని చెప్పింది. మోసపోయినవాళ్లలో బహుళజాతి సంస్థల ఉద్యోగులు, ప్రభుత్వ రంగ ఉద్యోగులు, విద్యాసంస్థల్లో పనిచేసేవాళ్లు ఉన్నారని కూడా చెప్పింది. విద్యాసంస్థల్లో! పిల్లలకి పాఠం చెప్పేవాళ్లు. మన హైదరాబాద్‌లోనైతే ఇలాంటి కన్సల్టెంట్ల ఆఫీసుల మీద అంతకుముందే సోదాలు జరిగాయి. అయినా మరుసటి జూన్‌కి మెసేజ్ మళ్లీ వచ్చింది.

లెక్క వేద్దాం. పాత విధానంలో ఇరవై శాతం శ్లాబులో ఉన్నవాడికి రెండు లక్షల దొంగ చందా చూపిస్తే, సెస్సుతో కలిపి 41,600 రీఫండ్. అందులో పది శాతం, అంటే 4,160 కన్సల్టెంటుకి. పట్టుబడిన రోజున ఆ 41,600 వడ్డీతో కట్టాలి. తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చినందుకు సెక్షన్ 270ఎ కింద జరిమానా ఆ పన్నుకి రెండింతలు, అంటే మరో 83,200. వడ్డీ వదిలేసినా లక్షా పాతిక వేలకి రెండొందలు తక్కువ. కన్సల్టెంటు వాటా ఎంత? ఏమీ లేదు. రిటర్నులో వాడి పేరే లేదు. ధ్రువీకరణలో “నా జ్ఞానం, నమ్మకం మేరకు ఇదంతా నిజం” అని చెప్పింది నువ్వు. ఓటీపీ నీది.

శాతం మీద ఫీజు తీసుకునేవాళ్ల గురించి ఇంకో మాట. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం ప్రకారం సీఏ అన్నవాడు పని ఫలితాన్ని బట్టి, లాభంలో ఇంత శాతమని ఫీజు తీసుకోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. కొద్దిపాటి మినహాయింపులున్నాయి గానీ నీ రీఫండ్ వాటిలో లేదు. కాబట్టి “రీఫండ్‌లో పది శాతం” అన్నవాడు సీఏ అయినా కాకపోవాలి, అయితే తన వృత్తి నియమాన్నే తుంగలో తొక్కినవాడైనా కావాలి. ఇద్దరిలో ఎవడికి నీ పాస్‌వర్డ్ ఇస్తావు?

అయితే కన్సల్టెంటుని ఒక్కణ్నే తిట్టి ఊరుకుంటే అన్యాయం. తిలా పాపం తలా పిడికెడు. వాడి దుకాణానికి పునాది రాయి వేసింది మన పెద్దమనుషులే. కొత్తగా చేరిన కుర్రాడికి ఆఫీసులో మొదటి పాఠం ఎవరు చెబుతున్నారు? “అద్దె రశీదులు పెట్టు. మీ అమ్మ పేరు మీద రాసెయ్. రెవెన్యూ స్టాంపు ఒకటి అంటించు. ఏడాదికి లక్ష దాటకుండా చూసుకో, దాటితే ఓనరు పాన్ అడుగుతారు.” ఇంత శ్రద్ధగా, ఇంత వాత్సల్యంగా చెప్పేవాడు టీమ్ లీడు. గుళ్లో హుండీలో వేసిన వందకి వెయ్యి రశీదు తెమ్మని చెప్పేవాడు సొంత బాబాయి. ఇంట్లో కూర్చుని నాయకుల అవినీతి మీద గంటసేపు మాట్లాడేవాళ్లూ వీళ్లే. ఇరవై రెండేళ్లకి మొదటి జీతం అందుకున్న పిల్లకి సర్కారుతో తొలి పరిచయమే దొంగ రశీదుతో చేయించి, ఆ తర్వాత “ఈ తరానికి విలువలు లేవు” అని నిట్టూరుస్తారు.

నిజానికి ఆ దొంగ రశీదుల అవసరమే పోయింది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానమే మామూలు విధానం. నువ్వు ప్రత్యేకంగా కోరుకుంటే తప్ప పాతది వర్తించదు, అది కూడా గడువులోపు రిటర్న్ వేస్తేనే. 2024 జులై 31 నాటికి దాఖలైన 7.28 కోట్ల రిటర్నుల్లో 72 శాతం కొత్త విధానంలోనే వచ్చాయి. అందులో అద్దె రశీదు లేదు, ఎల్ఐసీ లేదు, చందా లేదు. 2025-26 ఆదాయానికి జీతగాళ్లకి 75,000 ప్రామాణిక తగ్గింపు, ఆపైన 12 లక్షల దాకా రిబేటు. అంటే ఏడాదికి 12,75,000 జీతం వరకు పన్ను సున్నా. మొదటి ఉద్యోగంలో ఉన్నవాళ్లలో ఎంతమంది ఆ గీత దాటుతారు? కట్టాల్సింది సున్నా అయినప్పుడు తగ్గించడానికి అక్కడ ఏముంది? కన్సల్టెంటు లేని రోగానికి మందు అమ్ముతున్నాడు, కొనేవాళ్లు వరస కడుతున్నారు.

“పన్నే లేనప్పుడు రిటర్న్ ఎందుకు?” అని అడిగే మేధావులు వెంటనే తయారవుతారు. ఎందుకంటే చట్టం అడుగుతున్నది పన్ను ఎంతని కాదు, ఆదాయం ఎంతని. కొత్త విధానంలో ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్న్ వెయ్యాల్సిందే. 4 లక్షలకీ 12 లక్షలకీ మధ్య ఉన్నవాడికి పన్ను పోయేది రిబేటు వల్ల. ఆ రిబేటు అడగాల్సింది రిటర్నులోనే. గడువు దాటితే ఆలస్య రుసుము 5,000, ఆదాయం 5 లక్షల లోపైతే 1,000. రూపాయి పన్ను లేనివాడు ఐదు వేలు కట్టడం కన్నా అవమానం ఇంకోటి ఉందా?

దీనికి తోడు ఇంకో పుకారు. “12 లక్షలు ఒక్క రూపాయి దాటినా అరవై వేలు పోతాయి, హైక్ వద్దన్నా బాగుణ్ను.” ఇంటర్లో ఎంపీసీ చదివి, కలనగణితంలో నూటికి నూరు తెచ్చుకున్నవాళ్లే ఈ మాట అంటుంటే ఏం చెప్పాలి! పన్ను వెయ్యాల్సిన ఆదాయం 12,10,000 అనుకో. శ్లాబుల ప్రకారం 61,500 వస్తుంది. కానీ గీత దాటింది పదివేలే కాబట్టి పన్ను కూడా పదివేలకి మించదు, దాని మీద సెస్సు. మార్జినల్ రిలీఫ్ అంటారు. చట్టంలోనే ఉంది. నాలుగేళ్లు ఫీజులు దండుకుని ప్లేస్‌మెంటు హోర్డింగుల మీద లక్షల ప్యాకేజీలు రాయించుకునే కాలేజీలకి, ఆ ప్యాకేజీలో చేతికెంత వస్తుందో ఒక్క పూట చెప్పే తీరిక లేదు.

ఇప్పుడు పని. ముందు తొందరపడకు. ఏప్రిల్‌లోనే వేసేస్తానని ఉబలాటపడేవాళ్లకి చెబుతున్నాను, కంపెనీ ఫారం 16 ఇవ్వడానికి జూన్ 15 దాకా గడువుంది. నీ ఖాతాలో టీడీఎస్, అంటే ముందే పట్టుకున్న పన్ను వివరాలు పూర్తిగా కనపడేది కూడా అప్పటికే. ఫారం 16 చేతికొచ్చాక పోర్టల్‌లోకి వెళ్లి 26ఏఎస్ (పట్టుకున్న పన్నుల పట్టిక), ఏఐఎస్ (వార్షిక సమాచార పత్రం) రెండూ దించుకుని పక్కన పెట్టుకో. ఏఐఎస్ తెరిచినప్పుడు చాలామందికి గుండె జారుతుంది. 2021 నవంబరులో మొదలైన ఈ పత్రంలో నీ సేవింగ్స్ వడ్డీ, ఫిక్సెడ్ డిపాజిట్ వడ్డీ, షేర్ల డివిడెండు, నువ్వు అమ్ముకుని మర్చిపోయిన మ్యూచువల్ ఫండు అన్నీ ఉంటాయి. ఫారం 16లో ఇవేవీ ఉండవు. ఫారం 16 ఒక్కటే చూసి రిటర్న్ వేసేవాడు అక్కడే దొరికిపోతాడు. ఏఐఎస్‌లో నీది కానిది కనిపిస్తే, రెండుసార్లు పడినది కనిపిస్తే, అది నాది కాదని అక్కడే ఫీడ్‌బ్యాక్ ఇవ్వొచ్చు. ఇవ్వు. నోరు మూసుకుని ఒప్పుకోవద్దు.

ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. మొదటి కంపెనీలో నెలకి లక్ష చొప్పున ఆరు నెలలు, రెండో కంపెనీలో లక్షా ముప్ఫై వేల చొప్పున ఆరు నెలలు అనుకుందాం. మొదటి కంపెనీ పన్నెండు లక్షలే కదా అని ఏమీ పట్టుకోలేదు. రెండో కంపెనీకి నీ పాత జీతం సంగతి నువ్వు చెప్పలేదు, వాళ్ల లెక్కలో నీ ఆదాయం ఏడు లక్షల ఎనభై వేలే, వాళ్లూ ఏమీ పట్టుకోలేదు. రెండు ఫారం 16లూ పన్ను సున్నా అంటున్నాయి. కలిపి చూస్తే 13,80,000. డెబ్బై ఐదు వేలు తీసేస్తే 13,05,000. దాని మీద పన్ను సెస్సుతో 78,780, ముందస్తు పన్ను కట్టనందుకు వడ్డీ అదనం. జులైలో ఈ అంకె తెర మీద కనపడగానే కుర్రాడు బెంబేలెత్తుతాడు. సరిగ్గా ఆ క్షణం కోసమే కాచుకుని ఉంటాడు మన గ్యారంటీ మనిషి. కొత్త కంపెనీలో చేరిన రోజే ఫారం 12బీలో పాత జీతం రాసిచ్చి ఉంటే నెలనెలా కొంచెం కొంచెం పోయేది. హెచ్‌ఆర్ వాళ్లు టీషర్టూ వాటర్ బాటిలూ ఇవ్వడానికి చూపించే ఉత్సాహంలో పదో వంతు ఈ ఫారానికి చూపిస్తే బాగుండేది.

మామూలు జీతగాడికి ఐటీఆర్-1 చాలు. అందులో చాలా గళ్లు పోర్టల్ ముందే నింపి పెడుతుంది. చదువు, సరిచూడు, పంపించు. పంపించేస్తే అయిపోయిందనుకోవడం మరో పొరపాటు. 30 రోజుల్లోగా ఈ-వెరిఫై చెయ్యాలి. ఆధార్ ఓటీపీతో రెండు నిమిషాల పని. చెయ్యకపోతే నువ్వు రిటర్నే వెయ్యనట్టు లెక్క.

రీఫండ్ పడాల్సిన బ్యాంకు ఖాతాని ముందే వాలిడేట్ చేసుకోవాలి. ఇక్కడ మాత్రం నాకు శాఖ మీద ఒళ్లు మండుతుంది. మన ఇంటిపేరు ముందుంటుంది. టెన్త్ సర్టిఫికెట్లో అది ఒక్క అక్షరం. పాన్ దరఖాస్తులో పొడి అక్షరాలు ఒప్పుకోరు, పూర్తిగా విప్పి రాయమంటారు, పైగా ఇంటిపేరుని చివరి పేరు గడిలో వెయ్యమంటారు. బ్యాంకువాడు ఆధార్ చూసి ఇంకోలా ఎక్కించుకుంటాడు. పెళ్లయిన ఆడపిల్లకి ఆధార్‌లో ఒక ఇంటిపేరు, పాన్‌లో ఇంకొకటి. మూడు చోట్లా మూడు రకాలుగా ఉన్న ఒకే మనిషిని పోర్టల్ ముగ్గురు మనుషులనుకుని వాలిడేషన్ ఫెయిల్ అంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇన్ని కోట్ల మంది ఇంటిపేరు ముందు పెట్టుకుని తరతరాలుగా బతుకుతుంటే, ఢిల్లీలో గడులు గీసినవాడికి ఆ సంగతి ఇంకా తెలియలేదా? తెలిసీ, సర్దుకోవాల్సింది మనమే అనుకున్నాడా?

శాఖ దగ్గరికి వచ్చాం కాబట్టి సాంతం మాట్లాడుకుందాం. రిటర్న్ వెయ్యనివాణ్ని తిట్టే హక్కు దానికి పూర్తిగా లేదు. కార్పొరేట్ జూనియర్ కాలేజీలో పాఠం చెప్పే ఒక అమ్మాయిని తీసుకో. నెలకి పాతిక వేలు. పొద్దున్నే స్టడీ అవర్ నుంచి రాత్రి డౌట్ క్లియరింగ్ దాకా పని. కాలేజీ ఆమెని ఉద్యోగి అని రాసుకోదు. పీఎఫ్, గ్రాట్యుటీ నెత్తిన పడకుండా ‘కన్సల్టెంట్’ అని రాసుకుని టీడీఎస్ కింద పది శాతం కోస్తుంది. నెలకి 2,500. ఏడాదికి 30,000. ఆమె మొత్తం ఆదాయం 3,00,000. నాలుగు లక్షలే దాటలేదు, అంటే ఆమె కట్టాల్సిన పన్ను రూపాయి కూడా లేదు. ఆ ముప్ఫై వేలూ ఆమెవే. కానీ రిటర్న్ వేస్తేనే వస్తాయి. అంతేకాదు, ఏడాదిలో టీడీఎస్ 25,000 చేరితే ఆదాయం ఎంత తక్కువైనా రిటర్న్ వెయ్యడం తప్పనిసరి. అంటే పన్ను బాకీ లేని మనిషి దగ్గర పన్ను పట్టుకుని, ఆ పట్టుకోవడాన్నే కారణంగా చూపించి, మా దగ్గరికొచ్చి లెక్క చెప్పుకో అంటున్నారు.

ఆమెకి ఫారం 16 ఉండదు, 16ఎ ఉంటుంది, అదీ అడిగి తెచ్చుకోవాలి. అది జీతం కాదు కాబట్టి ఐటీఆర్-1 పనికిరాదు. వ్యాపార, వృత్తి ఆదాయాల ఐటీఆర్-3 తెరవాలి, అందులో వరసగా ఎన్ని షెడ్యూళ్లో. సగం ఆదాయమే లాభంగా చూపించే 44ఎడిఎ సౌకర్యముంది, ఐటీఆర్-4లో తేలిగ్గా అయిపోతుంది, కానీ అది చట్టం పేరుపెట్టి చెప్పిన వృత్తులకే. నెలకి నాలుగు లక్షలు గడించే డాక్టరు ఆ జాబితాలో ఉన్నాడు. పిల్లలకి ఫిజిక్స్ చెప్పే ఈ అమ్మాయి లేదు. ఇక ఆమె ఏం చేస్తుంది? రీఫండ్‌లో పది శాతం అన్నవాడి దగ్గరికే పోతుంది. మూడు వేలు వాడి పాలు. ఆమెని వాడి దగ్గరికి పంపింది ఎవరు?

ఆ రీఫండ్ ఆలస్యమైతే సర్కారు ఇచ్చే వడ్డీ నెలకి అర శాతం. నువ్వు కట్టాల్సింది ఆలస్యమైతే సర్కారు వసూలు చేసే వడ్డీ నెలకి ఒక శాతం. రెండూ ఒకే చట్టంలో ఉన్నాయి. నీ డబ్బు వాళ్ల దగ్గరుంటే సగం విలువ, వాళ్ల డబ్బు నీ దగ్గరుంటే రెట్టింపు విలువ. పైగా ఇచ్చిన ఆ అర శాతం కూడా నీ ఆదాయమే, దాని మీదా పన్ను కట్టు అంటారు. ఏ కాబూలీవాలా ఇంత నిబ్బరంగా వ్యాపారం చేశాడు?

ఏఐఎస్ సంగతే చూడు. నీ గురించి తమకు తెలిసినదంతా అందులో పెట్టామని శాఖ ఎక్కడా హామీ ఇవ్వదు. ఇది ప్రస్తుతం మా దగ్గరున్న సమాచారం, ఇందులో లేనివి కూడా ఉండొచ్చు, పూర్తి నిజం చెప్పాల్సిన బాధ్యత నీదే అని దాని మీదే రాసి ఉంటుంది. బ్యాంకు, రిజిస్ట్రారు, డిపాజిటరీ అందరూ నీ వివరాలు శాఖకి చేరవేస్తారు. శాఖవాళ్లు కొంత చూపించి, మిగతాది నువ్వు చెబుతావో లేదో అని కూర్చుంటారు. పరీక్ష హాల్లో ఇన్విజిలేటరు కూడా ఇంత ముచ్చటపడడు. ఈ పెత్తనం పాతదే. 1857 తిరుగుబాటుతో ఖాళీ అయిన ఖజానాని నింపుకోవడానికి బ్రిటిష్ దొర జేమ్స్ విల్సన్ 1860లో ఈ దేశంలో ఆదాయపు పన్ను పెట్టాడు. పన్ను పెట్టిన ఆ రోజుని, జులై 24ని, శాఖ నేటికీ ఆదాయపు పన్ను దినోత్సవంగా జరుపుకుంటుంది. దొర పోయాడు. పైన చెప్పిన పన్ను సెక్షన్లన్నీ ఉన్న 1961 చట్టాన్ని పక్కనపెట్టి, 819 సెక్షన్లని 536కి తగ్గించిన 2025 చట్టం 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఇంత సంస్కరణ జరిగినా కర్నూలు కుర్రాడికి తన మీద వచ్చిన నోటీసు తన భాషలో రాదు. అర్థం కాని కాగితానికి భయం ఎక్కువ. ఆ భయం మీదే జూన్ మెసేజీలవాళ్ల సంసారాలు నడుస్తున్నాయి.

అయినా నీ రిటర్న్ నువ్వే వెయ్యమంటాను. శాఖ అన్యాయం చేస్తోందని నీ పాస్‌వర్డ్ దొంగ చేతిలో పెడితే శాఖకేం నష్టం? 2024లో గడువు నాటికి మొదటిసారి రిటర్న్ వేసినవాళ్లు 58.57 లక్షల మంది. ఆఖరి రోజు జులై 31 ఒక్కనాడే దాఖలైనవి 69.92 లక్షలు. ఇన్ని లక్షల మంది తమ గళ్లు తాము చదివి, ఇక్కడ మీరు తప్పు, ఈ ఫారం తప్పు, ఈ పేరు గడి తప్పు అని ఫిర్యాదు పెట్టే రోజు వస్తే తప్ప అటువైపు చలనం ఉండదు. చదవనివాడు ఫిర్యాదు కూడా చెయ్యలేడు.

అందరూ ఒంటరిగానే చేసుకోవాలన్న మూర్ఖత్వం నాకు లేదు. అమెరికా మాతృసంస్థ షేర్లు ఆర్‌ఎస్‌యూలుగా చేతికొచ్చిన హైటెక్ సిటీ ఉద్యోగి ఐటీఆర్-2లో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాలి. షేర్లు అమ్మకపోయినా నింపాలి. దాచినట్టు తేలితే 2015 నల్లధనం చట్టం కింద పది లక్షల జరిమానా దాకా పోవచ్చు. 2024 అక్టోబరు నుంచి, స్థిరాస్తి కానివి మొత్తం ఇరవై లక్షల లోపుంటే ఆ జరిమానా లేదు గానీ, చెప్పాల్సిన బాధ్యత ఎక్కడికీ పోలేదు. అమీర్‌పేట హాస్టల్ గదిలో కూర్చుని ఆప్షన్లు ఆడే కుర్రాడికైతే అది వ్యాపార ఆదాయం, ఐటీఆర్-3. 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్ల ఆటలో దిగిన వ్యక్తిగత మదుపరుల్లో 93 శాతం నష్టపోయారని సెబీయే లెక్క తేల్చింది. ఆ నష్టాన్ని గడువులోపు రిటర్నులో చూపించినవాడు ముందు ముందు లాభం నుంచి తీసేసుకోవచ్చు. సిగ్గుపడి దాచినవాడికి అదీ లేదు. ఇలాంటివాళ్లు మంచి సీఏ దగ్గరికి వెళ్లాలి. పనికింత అని మాట్లాడుకున్న ఫీజు బేరమాడకుండా ఇవ్వాలి. కానీ పంపించే ముందు కాపీ తెప్పించుకుని ప్రతి గడీ చదవాలి, అర్థం కానిది అడగాలి. అడిగితే విసుక్కునే సీఏ నీకు అక్కర్లేదు.

ఇప్పటికే ‘మనిషి’ చేత వేయించేసినవాళ్లు ఈ రాత్రే పోర్టల్‌లోకి వెళ్లి ప్రొఫైల్‌లో ఎవరి ఈమెయిలు, ఎవరి ఫోన్ నంబరు ఉన్నాయో చూడండి. మీవి కాకపోతే మార్చండి, పాస్‌వర్డ్ కూడా మార్చండి. వేసిన రిటర్నుని దించుకుని చందాలు, రోగాలు, రుణాలు ఏమేం ఉన్నాయో చదవండి. గడువు ఇంకా ఉంటే రివైజ్డ్ రిటర్న్ వేస్తే సరిపోతుంది. దాటిపోతే అప్‌డేటెడ్ రిటర్న్ ఉంది, అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల దాకా. మొదటి ఏడాదిలో వేస్తే కట్టాల్సిన పన్ను, వడ్డీల మీద 25 శాతం అదనం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 60, నాలుగో ఏడాది 70. నోటీసు రాకముందు కదిలితేనే ఈ ధర. కట్టేశాక ఆ చలానా రశీదుని వాట్సాప్‌లో మీ గ్యారంటీ మనిషికి పంపించి, నువ్వు తీసుకున్న పది శాతం ఎప్పుడు వెనక్కి ఇస్తున్నావని అడగండి. అదే ఆఫీసు గ్రూపులో, అందరూ చూస్తుండగా అడగండి.